పెరటి కోడిపిల్లలను గద్ద తన్నుకుపోతోంది: చంపితే కేసవుతుందా, ఆపడం ఎలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. ఒడిశా గుణుపురం దగ్గర మీ పల్లెలో మహిళా సంఘం ద్వారా వనరాజా పిల్లలు యాభై తెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి ఇరవై దాకా పోయాయి. గద్దలే ఎత్తుకుపోతున్నాయని ఇంట్లో అంటున్నారు. మీ బావమరిది ఎయిర్ గన్ తెస్తానంటున్నాడు. పక్కింటాయన చచ్చిన పిల్లకి పొలంలో వేసే గుళికల పురుగుమందు పట్టించి రేకుల మీద పడేయమంటున్నాడు. మీ చింతచెట్టు మీద గద్ద గూడు ఉంది, కొమ్మలు కొట్టేద్దామా అని నీకే ఓ ఆలోచన. వీటిలో ఏది చేస్తే తప్పు, ఏది చేస్తే పిల్లలు దక్కుతాయి అని కదా.

ఈ మూడూ వద్దు. చట్టం సంగతి కిందికి వస్తాను గానీ, ముందు ఇది విను. గద్దను చంపితే కోడిపిల్లలు మిగలవు. ఒక చోట తిండి దొరుకుతోందంటే అక్కడ తిరిగే గద్ద పోయిన కొన్నాళ్లకే ఇంకోటి వచ్చి ఆ చోటు పట్టుకుంటుంది. మీది వంశధార పక్క ఊరు, చేపలుంటాయి, వారానికోసారి సంత ఉంటుంది. గద్దలకు కొదవేముంది? ఆకాశాన్ని ఖాళీ చేయడం మనవల్ల కాదు. పిల్ల పుట్టిన మొదటి ఆరు వారాలు మన పెరట్లో గద్ద దిగలేకుండా చేయడం మాత్రం మన చేతిలో పనే. నేను కాశీనగర్ వైపు పల్లెల్లో ప్రాణిమిత్రగా కోళ్లకు టీకాలు వేస్తూ తిరుగుతాను, మా పెరట్లోనూ నాటుకోళ్లు ఉన్నాయి. పిల్లలు దక్కించుకున్న ఇళ్లన్నీ పెరడు మార్చుకున్న ఇళ్లే.

అయితే దొంగ గద్దేనని నీకు ఎలా తెలుసు? నువ్వు రాసిన దాంట్లో ఒక మాట నాకు అనుమానంగా ఉంది. "పొద్దున్న లేచి చూస్తే మూడు తక్కువ ఉన్నాయి" అన్నావు. గద్దకి రాత్రి పని లేదు. రాత్రి పోయాయంటే అది పందికొక్కు కావచ్చు, పాము కావచ్చు, మానుపిల్లి కావచ్చు, గుడ్లగూబ కావచ్చు. పందికొక్కు అయితే కోళ్ల గూడు మూలన కొత్తగా తవ్విన మట్టి, కన్నం కనిపిస్తాయి. పిల్లలను లోపలికి ఈడ్చుకుపోతుంది. పాము మింగితే ఆనవాలే ఉండదు. ఒక్కోసారి మింగలేక వదిలేసిన పిల్ల తడితడిగా, ఈకలు అతుక్కుపోయి పడి ఉంటుంది. ముంగిస పగలే వస్తుంది, మెడ దగ్గర కొరుకుతుంది, అవకాశం దొరికితే తినేదానికన్నా ఎక్కువ చంపి పడేస్తుంది. పెద్ద కోడి తలా మెడా లేకుండా చెట్టు కింద పడి ఉంటే అది రాత్రి చెట్టెక్కి పడుకున్న కోడి, పని గుడ్లగూబది అయ్యే అవకాశం ఎక్కువ. ఉడుము గుడ్లూ తింటుంది, చిన్నపిల్లలనూ వదలదు.

పగటి దొంగల్లో జనం అసలు లెక్కలోకి తీసుకోనిది బొంతకాకి. వారం, పది రోజుల లోపు పిల్లలను అది ఎత్తుకుపోయినంత తేలిగ్గా ఇంకేదీ ఎత్తుకుపోదు. తల్లి అటు తిరిగితే చాలు. నింద మాత్రం పైన తిరిగే గద్ద మీద పడుతుంది, ఎందుకంటే అది కనిపిస్తుంది.

ఇక నిజంగా గద్ద జాతే అయితే వాటిలోనూ రెండు రకాల పద్ధతులున్నాయి. మనం రోజూ చూసే నల్లగద్ద, తోక చీలినట్టు ఉండేది, పైన గుండ్రంగా తిరిగి తిరిగి ఒక్కసారి కిందికి వచ్చి కాళ్లతో తన్నుకుని పోతుంది. రెక్కలు చాపితే దాదాపు ఐదు అడుగులు. అంత వెడల్పు రెక్కలతో దిగాలంటే దానికి ఖాళీ జాగా కావాలి. డేగ అలా కాదు. పావురమంత ఉంటుంది, వీపు బూడిద రంగు, రొమ్ము మీద సన్నటి అడ్డచారలు. చెట్టు కొమ్మల్లో కదలకుండా కూర్చుని, తక్కువ ఎత్తులో బాణంలా వచ్చి పిల్లను పట్టేస్తుంది. రెక్కలు చాపినా రెండడుగులే కాబట్టి ఇరుకు సందుల్లోంచి కూడా దూరుతుంది. పెద్ద కోడిని మోయడం ఈ రెండింటి వల్లా కాదు. కొండ వార ఊళ్లలో తల మీద జుట్టు నిలిచి ఉండే పెద్ద డేగ ఒకటి ఉంటుంది, అది మాత్రం ఎదిగిన పెట్టను కూడా కొట్టగలదు. నది ఒడ్డున ఎర్ర ఒళ్లు, తెల్ల తలతో తిరిగే గరుడ పక్షి ఎక్కువగా చేపలు, పీతలు తింటుంది, దొరికితే కోడిపిల్లనూ వదలదు. మా ఊళ్లో ముసలమ్మలు దాన్ని చూస్తే దండం పెట్టుకుంటారు, పిల్లను తన్నుకుపోతే అదే నోటితో తిడతారు కూడా!

కాబట్టి ఒక వారం రోజులు పొద్దున, సాయంత్రం పిల్లలను లెక్కపెట్టు. సాయంత్రం సరిగ్గా ఉండి పొద్దున తగ్గితే గూడు బాగుచేయాలి. పొద్దున ఉండి సాయంత్రానికి తగ్గితే పెరడు బాగుచేయాలి. ఈ లెక్క లేకుండా వల కొనడం డబ్బు దండగ.

ఇప్పుడు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కేంద్ర చట్టం. ఇటు ఒడిశాలో రాయగడ, గజపతి జిల్లాల్లో అయినా అటు ఆంధ్రాలో శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో అయినా ఒకటే. 2022లో దాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గద్దలు, డేగలు, గుడ్లగూబలు ఇప్పుడు మొదటి, రెండో షెడ్యూళ్లలో, అంటే చట్టం చివర ఇచ్చిన ప్రాణుల జాబితాల్లో ఉన్నాయి. ఈ రెండు షెడ్యూళ్లలో ఉన్న దేన్నీ అనుమతి లేకుండా వేటాడకూడదు. పాత చట్టంలో ఐదో షెడ్యూలు అని ఒకటి ఉండేది. కాకి, ఎలుక లాంటివి హానికర జంతువులంటూ అందులో ఉండేవి. సవరణతో ఆ షెడ్యూలే పోయింది. "కాకిని కొడితే ఏమీ కాదు" అని ఇంకా చెప్పేవాళ్లు పాత పుస్తకం చదివి చెబుతున్నారన్నమాట.

వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. చట్టంలో వేటకి ఇచ్చిన అర్థం చాలా పెద్దది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, బోను పెట్టి పట్టడం, ఎర వేయడం, గాయపరచడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. పక్షుల విషయంలో గుడ్లు పగలగొట్టినా, గుడ్లను గానీ గూడును గానీ కదిలించినా అదీ వేటే. అంటే ఎయిర్ గన్ గురి తప్పినా ప్రయత్నం కింద లెక్క. ఉండేలు అయినా అంతే. గుళికలు పట్టించిన పిల్ల విషమూ అవుతుంది, ఎరా అవుతుంది. నీ చింతచెట్టు నీదే, దాని మీద గూడు నీది కాదు.

శిక్ష సంగతి. మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అయితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. బెయిలు కూడా తేలిగ్గా రాదు. రెండో షెడ్యూలు అయితే 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొట్టింది మీ బావమరిది, కొట్టమన్నది నువ్వు అయితే ఇద్దరూ ఇరుక్కుంటారు, ప్రోత్సహించడం కూడా నేరమే. గజపతి జిల్లాలో లఖారి లోయ లాంటి అభయారణ్యం లోపల చేస్తే షెడ్యూలుతో పని లేకుండా పెద్ద శిక్షే. ఎగిరే పక్షిని చూసి ఇది ఏ షెడ్యూలు అని తేల్చుకునే ఓపిక ఎవరికి? అన్నిటికీ దూరంగా ఉండటమే తెలివైన పని.

"మన ప్రాణానికి ముప్పు వస్తే కొట్టొచ్చు కదా" అని ఒకాయన వాదించాడు. నిజమే, ఆత్మరక్షణ కోసం, ఇంకో మనిషిని కాపాడటం కోసం చేసింది నేరం కాదని చట్టంలోనే ఉంది. కోడి మనిషి కాదు. రెండో షెడ్యూలు ప్రాణి ఆస్తికో పంటకో ముప్పుగా మారితే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కాగితం చేతికి రాకముందు మనంతట మనం చేసేది ఏదైనా నేరమే. కోడిపిల్లల కోసం ఆ కాగితం వస్తుందని ఎదురుచూస్తూ కూర్చునే లోపు నీ పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు వచ్చేస్తాయి. పరిహారం మీద కూడా ఆశ పెట్టుకుని లెక్కలు వేసుకోవద్దు. పోయే పిల్లలను ఖర్చులో రాసుకుని, పోకుండా చూసుకోవడం మీద డబ్బు పెట్టు.

గుళికల గురించి ఇంకో మాట, ఇది చట్టం కన్నా ముఖ్యం. ఫ్యూరడాన్ లాంటి గుళికలు పట్టించిన కోడిపిల్లను రేకుల మీద వేస్తే దాన్ని గద్దే తినాలని రాసి ఉందా? కాకి తీసుకెళ్లి బావి గట్టున పడేస్తుంది. కుక్క తింటుంది, పిల్లి తింటుంది. నీ కోళ్లే పొడుస్తాయి. ఆడుకునే పిల్లల చేతికి వస్తుంది. పక్కవాళ్ల కుక్కో మేకో చస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఇంకో కేసు, 5 ఏళ్ల దాకా జైలు. కోళ్ల గూడు చుట్టూ కరెంటు తీగ లాగే వాళ్లూ ఉన్నారు. మనుషులు పోతారు. దాని గురించి ఇక మాట్లాడను.

అదిలించడం, కేకలు వేయడం, డబ్బా కొట్టడం, కుక్కను పెంచడం, వల కప్పడం, గూడు కట్టడం, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక్కడి నుంచి అసలు పని.

నువ్వు తెచ్చినవి వనరాజా పిల్లలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. మట్టిలో, ఆకుల్లో కలిసిపోయేలా రంగురంగుల ఈకలు, పరిగెత్తి తప్పించుకునేలా పొడవు కాళ్లు ఉండాలని చూసి చేశారు. కానీ ఆ కాళ్లు పనికొచ్చేది ఎదిగాక. అందుకే ఆరు వారాల దాకా లోపలే పెంచి, ఆ తర్వాతే బయటికి వదలమంటారు. మీకు పంచినవాళ్లు ఈ మాట చెప్పారో లేదో, చాలా చోట్ల పిల్లలను పంచిన మర్నాడే పెరట్లో వదిలేస్తారు. నాటుపెట్ట పొదిగిన పిల్లలకు తల్లి ఉంటుంది. గద్ద నీడ పడగానే అది ఒక రకంగా కూస్తుంది, పిల్లలన్నీ దాని రెక్కల కిందికో పొద కిందికో దూరిపోతాయి. పుంజు కూడా పైనుంచి వచ్చేదానికి ఒక కూత, నేల మీద వచ్చేదానికి ఇంకో కూత కూస్తుంది. డబ్బాలో వచ్చిన పిల్లలకు ఇవేవీ నేర్పినవాళ్లు లేరు, పైన గద్ద తిరుగుతుంటే నడి పెరట్లో నిలబడి చూస్తుంటాయి. కాబట్టి బయటికి వదిలేటప్పుడు పెద్ద నాటుపెట్టలు, ఒక పుంజు ఉన్న మందలో కలుపు. రెండు మూడు రోజులు కొట్టుకుంటాయి, తర్వాత సర్దుకుంటాయి. గిన్నీ కోళ్లు దొరికితే రెండు పెంచు. చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి, పక్కింటివాళ్లతో మాట పడాల్సి వస్తుంది గానీ కాపలాకి వాటిని మించినవి లేవు. తెల్ల కోళ్లు మాత్రం వద్దు, దూరానికే కనిపిస్తాయి.

తల్లితో ఉన్న నాటుపిల్లలైతే మొదటి మూడు నాలుగు వారాలు వెదురు గంప కింద పెట్టడం మన పెద్దవాళ్ల పద్ధతే, దాన్ని మించింది లేదు. గంప మీద రాయి పెట్టు, లేకపోతే ముంగిస తోసేస్తుంది. పొద్దున గంప కింద నూకలు, నీళ్లు పెట్టి, నువ్వు పెరట్లో ఉన్న వేళలోనే బయటికి వదులు.

పెరట్లో నేను మొదట చూసేది నీడ. చాలా పెరళ్లు చీపురుతో ఊడ్చి అద్దంలా ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, గద్దకి ఇంకా బాగుంటుంది. పిల్ల ఎక్కడ నిలబడినా నాలుగు అంగల్లో దూరడానికి ఒక చోటు ఉండాలి. ఆనప పాదుకు తక్కువ ఎత్తులో పందిరి వెయ్యి, చిక్కుడు పందిరి వెయ్యి. నిమ్మ, గోరింట లాంటి పొదలు కంచె వెంట పెంచు. అవి పెరిగే లోపు విరిగిన మంచం, తాటాకు చాప నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టినా చాలు. మేత ఎప్పుడూ పందిరి కిందే వెయ్యి. నడి పెరట్లో మేత వేసి అందరినీ ఒక చోటికి పిలవడమంటే గద్దకి విస్తరి వేయడమే.

డేగ సంగతి వేరే. దానికి పందిరి అడ్డం కాదు. అది కూర్చునే కొమ్మ కనిపెట్టు, పెరటి వైపు చూసే కింది కొమ్మ ఒకటో రెండో ఉంటాయి. వాటి మీద గూడు ఏదీ లేకపోతే కొట్టెయ్యొచ్చు. డేగ ఎక్కువగా ఉన్న చోట పిల్లలు తిరిగే భాగానికి పక్కలా పైనా వల ఉండాల్సిందే.

వల గురించి జాగ్రత్తగా చదువు. నల్లగద్దకి వల కూడా అక్కర్లేదు, పెరటి మీద ఏడడుగుల ఎత్తులో రెండడుగులకి ఒకటి చొప్పున మందపాటి నైలాన్ తాళ్లు అడ్డంగా నిలువుగా కట్టినా దిగడానికి జంకుతుంది. తాడు తెల్లదో పసుపుదో అయ్యుండాలి, పక్షికి కనిపించాలి. డేగకైతే రెండంగుళాల కన్నుకి మించని వల కావాలి. పాత చేపల వల చవగ్గా దొరుకుతుంది గానీ సన్నటి కంగూస్ దారంతో అల్లిన వల వాడొద్దు. అది పక్షికి కనిపించదు, చిక్కుకుంటే కాలు తెగుతుంది. వదులుగా వేలాడే వలలోనే పక్షులు, పాములు చిక్కుకుంటాయి, కాబట్టి బిగించి కట్టు, రోజూ ఒకసారి చూడు. కింద జానెడు వల మట్టిలో పూడ్చితే ముంగిసకీ అడ్డం.

ఇంత చేసినా గద్దో డేగో చిక్కిందనుకో. లాగొద్దు, చుట్టూ వలను కత్తిరించు. ముందు తల మీద మందపాటి గుడ్డ కప్పు, చీకటైతే శాంతిస్తుంది. ముక్కు కన్నా కాలిగోళ్లు ప్రమాదం. కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పు. అన్నం, నీళ్లు నోట్లో పోయొద్దు. అడవి ప్రాణి మన చేతికి వస్తే అది ప్రభుత్వ ఆస్తి, 48 గంటల్లోగా పోలీసు స్టేషనుకో అటవీ అధికారికో తెలియజేయాలని చట్టం. పెంచుకుందామని పంజరంలో పెడితే అదో కేసు. కాగితం రాయాల్సి వస్తే ఒడియా వచ్చినవాళ్లతో రాయించు, పని తొందరగా అవుతుంది.

మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు, దిష్టిబొమ్మ, నల్ల గుడ్డతో చేసిన కాకి బొమ్మ, ఇవన్నీ పనిచేస్తాయి, కొన్నాళ్లే. గద్దకి తెలివి ఎక్కువ. చోటు మారుస్తూ ఉంటే ఇంకొన్నాళ్లు. నిజమైన చచ్చిన కాకిని వేలాడదీయమంటారు కొందరు, దానికోసం కాకిని చంపొద్దు, పైన చెప్పాను.

పసులపోలిగాడు, అదే చీలిన తోక ఉండే చిన్న నల్లపిట్ట, మీ పెరటి చుట్టూ ఉందా? ఒడియావాళ్లు కజళపాతి అంటారు. గూడు పెట్టిన రోజుల్లో గద్దనైనా కాకినైనా తన చెట్టు దరిదాపులకి రానివ్వదు, వీపు మీద పొడిచి మరీ తరుముతుంది. జీతం అడగని కాపలా. అది కూర్చునే తీగను, చెట్టును కదిలించకు.

గద్దలు మీ ఇంటి మీదే ఎందుకు తిరుగుతున్నాయో కూడా చూడు. చేపల పొట్టలు, కోడి పేగులు పెరటి వెనక పడేస్తున్నారా? చచ్చిన పిల్లలను పెంట మీదకి విసురుతున్నారా? గోతిలో సున్నం చల్లి పూడ్చండి. 2024 ఆగస్టులో పూరీ జిల్లా పిపిలిలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లను చంపాల్సి వచ్చింది. చచ్చిన కోడిని విసిరేస్తే రోగాన్ని కూడా ఊరంతా విసిరినట్టే. ఒకేసారి ఎక్కువ కోళ్లు చస్తే వెటర్నరీ ఆసుపత్రికి చెప్పు. అన్నట్టు, గద్ద ముందుగా పట్టేది నీరసంగా రెక్కలు వేలాడేసే పిల్లనే. ఏడో రోజు కంట్లో కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా చుక్క వేయించావా? కొక్కెర తెగులు తగిలిన పిల్లలు గద్ద నోట్లో పడితే తప్పు గద్దదే అనిపిస్తుంది.

చివరికి నీ చింతచెట్టు. మన వైపు గద్దలు చలికాలంలో గూడు మొదలుపెట్టి వానలకు ముందే పిల్లలను లేపుకుపోతాయి. గుడ్డు పెట్టాక నెల రోజులు పొదుగుతాయి, పిల్ల ఎగరడానికి ఇంకో నెలన్నర. ఆ పిల్లలకు తిండి పెట్టే రోజుల్లోనే నీ పెరటి మీద దాడి ఎక్కువ ఉంటుంది. అందుకని మార్చి, ఏప్రిల్ నెలల్లో బయట తిరిగే చిన్నపిల్లలు లేకుండా చూసుకో. పెట్టల కింద గుడ్లు వానాకాలం చివర్లో పెట్టు, అప్పటికి పెరడంతా పచ్చగా పొదలు ఉంటాయి. నాటుపెట్ట పొదుగుకి వచ్చిందని ఏ నెలలో పడితే ఆ నెలలో గుడ్లు పెట్టేయడం మనకి అలవాటు, అదే దెబ్బ. గద్ద పిల్లలు ఎగిరిపోయాక, గూడు ఖాళీ అని నిర్ధారించుకుని, కొమ్మ తీయాలనుకుంటే ముందు అటవీ గార్డుకు ఒక మాట చెప్పి తీసుకో. గూడు పెట్టిన చెట్టుకే ఏటా వస్తుంటాయి కాబట్టి అది ఖాళీగా ఉన్న నెలల్లో చేసే పని ఇది.

ఇప్పటికిప్పుడు మిగిలిన ముప్పై పిల్లలను లోపలికి తీసుకో, ఆరు వారాలు నిండే దాకా బయటికి వదలకు. గూడు నేలకి పందికొక్కు కన్నాలు ఉంటే గాజుపెంకులు, సిమెంటు వేసి మూసి, తలుపు సందులకు అరంగుళం కన్ను జాలీ కొట్టు. ఈలోపు పందిరి గుంజలు పాతు. వచ్చే వారం నీ లెక్క రాసి పెట్టు, పగలు ఎన్ని తగ్గాయి, రాత్రి ఎన్ని తగ్గాయి అని. పెరటి ఫోటో కూడా పెడితే తాళ్లు ఎటు నుంచి ఎటు కట్టాలో చెబుతాను.